ఓంప్రకాశ్ చెప్పిన చీర

మా ఆయన ఓంప్రకాశ్‌కు దుమ్మంటే పగ. పదహారేళ్ల వయసులో సిద్దిపేట నుంచి భివండీ వెళ్లి, పదకొండేళ్లు పవర్‌లూమ్‌ల మధ్య బతికిన మనిషి. అక్కడ పత్తి నుసి అన్నం గిన్నెలో పడేదట, కనురెప్పల మీద పడేదట, కలల్లో కూడా తెల్లగా రాలుతూనే ఉండేదట. తిరిగొచ్చి పన్నెండేళ్లయినా పొద్దున లేవగానే దిండు దులుపుతాడు. పెళ్లయిన కొత్తలో నా భుజం కూడా దులిపాడు. "ఏందయ్యా, నేనేమన్న గోడనా?" అని కసిరాను. నవ్వాడే గాని చెయ్యి ఆపలేదు.

నా పేరు ప్రసూన. నాకు నోరెక్కువని మా వీధిలో పేరు. ఉంటే ఉండనీ. ఈయన గురించి చెప్పాలంటే ఆమాత్రం నోరు కావాలి, తన గురించి తాను ఒక్క ముక్క చెప్పుకోడు కదా. పాత బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్‌లో అర్జీలు టైపు చేస్తాడు. చేస్తూ చేస్తూ కిటికీలోంచి మబ్బులు చూస్తూ ఉండిపోతాడు. నంగునూరు నుంచి వచ్చిన రైతు కాగితం చేత పట్టుకొని "ఓ సారూ" అని మూడుసార్లు పిలిస్తే గాని ఈ లోకంలోకి రాడు. మంచివాడే, అందులో అనుమానం లేదు. కాకపోతే ఓపిక లేదు. ఏ పనైనా మధ్యలోంచి మొదలుపెడతాడు.

మా ఇంట్లో మగ్గం ఉంది. అత్త అంజవ్వ నేస్తుంది, మామ సారయ్య బొమ్మలు గీస్తాడు. బొమ్మంటే చీర అంచుకూ కొంగుకూ వచ్చే డిజైను. గళ్ల కాగితం మీద దాన్ని గీసి ఇస్తే, అత్త ఆ కాగితాన్ని మగ్గం మీది పోగుల కింద పెట్టుకొని, ఏ గడి దగ్గర ఏ రంగు నూలు ఇవ్వాలో చూసుకుంటూ నేస్తుంది. సిద్దిపేట చీరంటే గొల్లభామ కదా. నెత్తిన కుండ పెట్టుకొని నడిచిపోయే ఆ మనిషిని మామ నలభై ఏళ్లు గీశాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక మా ఆయన ఒక పాత కంప్యూటర్ తెచ్చి, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ వేయించాడు. ఒక్కో గడి మీద నొక్కితే రంగు పడుతుంది. అప్పటి నుంచి పదేళ్ల బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి.

తర్వాత మామ కళ్లకు నీటికాసుల జబ్బు వచ్చింది. చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వచ్చి, చివరికి నడిమధ్యన చిల్లంత వెలుగు మిగిలింది. ఆ చిల్లులోంచే చూస్తూ మొన్న ఎండాకాలం మూడు నెలలు కూర్చొని ఒక చీర గీశాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కొత్త బొమ్మ మగ్గం ఎక్కేదాకా ఎవరి కంటా పడకూడదని ఆయన పట్టింపు, దిష్టి తగులుతుందట. వానలు మొదలయ్యేసరికి ఆ వెలుగు కూడా పోయింది. ఇక ఆయన గీయలేడు, అదే ఆఖరి చీర. దసరా వెళ్లాక గ్రాఫు ప్రింటు తీద్దామనుకున్నాం. అత్త చేతుల మీదుగా అది తయారై వస్తే వేళ్లతో తడిమి చూసుకోవాలని, అంతకు మించి మామకు ఏ కోరికా లేదు.

దసరాకు మా ఇళ్లల్లో పనిముట్లన్నీ శుభ్రం చేసి పూజ చేస్తాం. ముందురోజు అత్త మగ్గం దులిపింది. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పెట్టె విప్పి, బ్రష్షుతో ఫ్యాను రెక్కల సందులన్నీ తుడిచాడు. అక్కడితో ఆగి ఉంటే నేనింత చెప్పాల్సిన పని లేదు.

"పైపైన కడిగితె ఏం ఫాయిద ప్రసూనా, లోపట గూడ కడగాలె," అన్నాడు.

లోపట అంటే రిజిస్ట్రీ. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడుందో, దేనికి అనుమతి ఉందో కంప్యూటర్ తన కోసం తాను రాసిపెట్టుకునే పట్టీ అట అది. మా ఆయన ఫోనులో ఒక వీడియో పెట్టుకొని, అందులో చూపించినట్టే దాన్ని తెరిచి, పాతబడ్డట్టు కనిపించిన పేర్లన్నీ ఏరి ఏరి తీసేశాడు. పదేళ్ల చెత్త పోయిందని మురిసిపోయాడు. ఆ వీడియోలో మొదటి నిమిషంలోనే "ముందు బ్యాకప్ తీసుకోండి" అని ఉందట. ఈయన మొదటి నిమిషం జరిపేశాడు. సినిమాకు తీసుకుపోయినా సగం కథ అయ్యాకే తీసుకుపోతాడు, నా ఖర్మ!

పండుగనాడు కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాం. మామ చేతులతో తడుముకుంటూ వచ్చి దానికి దండం పెట్టుకున్నాడు.

మూడోనాడు గ్రాఫు తీద్దామని తెరిస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. లైసెన్సు లేదంది, నంబరు కొట్టమంది. ఆ నంబరున్న కాగితం ఎప్పుడో చెదల పాలైంది. బొమ్మల ఫైళ్లన్నీ ఉన్నాయి, పేర్లన్నీ వరుసగా కనిపిస్తున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. మా ఆయన బాగుచేద్దామని ఇంకో నాలుగు పీకాడు. దాంతో కంప్యూటరే లేవడం మానేసింది.

బస్టాండు వెనక కంప్యూటర్లు బాగుచేసే జావేద్ దగ్గరికి నేనూ వెంట వెళ్లాను. అతను అంతా విని నెత్తి పట్టుకున్నాడు.

"ఓం భాయ్, తీసేముందు ఒక్క కాపీ పక్కకు పెట్టుకోవాలె గదా! ఎక్స్‌పోర్ట్ అని ఉంటది, నొక్కితే మొత్తం ఒక ఫైలయితది. తప్పు జరిగితె దాన్నే వాపస్ ఎక్కిస్తం. రెండు నిమిషాల పని."

"పాత తారీఖుకు వాపస్ తీస్కపోవచ్చంటరు గదా," అన్నాడు మా ఆయన.

"గది ముందే బంద్ చేసి ఉన్నది. ఎవరు చేసిన్రు?"

"నేనే. జాగ సరిపోతలేదని."

జావేద్ నాలుగు రోజులు కుస్తీ పట్టాడు. కంప్యూటర్‌ను లేపాడు గాని, బొమ్మలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకోలేదు. వాటిని చేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతబడి ఏడేళ్లయిందట. "చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటె ఏమొస్తది వదినా," అన్నాడు నాతో, తన తప్పే అయినట్టు తల దించుకొని.

"పోయి బాపుకు చెప్పు," అన్నాను దారిలో. మా ఆయన కంప్యూటర్ పెట్టెను చంకన సర్దుకొని ముందుకు నడిచాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కంప్యూటర్ పెట్టి స్విచ్చి వేశాడు. ఫ్యాను చప్పుడు విని మామ గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తెరిచినవారా?"

"ఆ... తెరిచిన బాపు."

తెర మీద నీలం రంగు తప్ప ఏమీ లేదు.

"ప్రింటు మెల్లగ తీద్దువు. మొదలు చూసేటివి నీ కండ్లే. చెప్పు బిడ్డా, అంచు ఎట్లొచ్చింది?"

మా ఆయన కిటికీ వైపు చూశాడు. బయట ఒక ముసలమ్మ సీతాఫలాల గంప దించుకుంటోంది.

"సీతాఫలం బాపు," అన్నాడు. "సీతాఫలం మీద బొడిపెలుంటయ్ గదా, గవి. ఒకదాని మీదొకటి, అంచు పొడుగూత. ఆకుపచ్చగ."

మామ తెర వైపు నుంచి మొహం కొడుకు వైపు తిప్పాడు. "పండినయా, కాయలా?" అని అడిగాడు.

"పండుతున్నయి. కొన్ని విచ్చుకున్నయి. విచ్చుకున్నకాడ మీగడ రంగు."

"నడుమ నల్ల గింజ అగుపడుతున్నదా?"

"ఒక్కోకాడ. మూడింటికొకటి."

నూలు కండెలు చుడుతున్న అత్త చెయ్యి ఆగిపోయింది. మామ మెడ వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. చూపు లేని మనిషి కళ్లెందుకు మూసుకుంటాడో నాకర్థం కాలేదు.

మర్నాడు మళ్లీ అదే వేళకు వచ్చి కూర్చున్నాడు. "ఒంట్ల ఏమున్నది?" అన్నాడు. చీర ఒంట్లో నీటిపిట్టలున్నాయన్నాడు మా ఆయన. తెల్లారకముందు కోమటిచెరువు మీద మంచు లేస్తుంటే అందులోంచి ఎగిరిన పిట్టలట. కుచ్చిళ్ల దగ్గర గుంపుగా ఉండి, పైకి వచ్చినకొద్దీ పలచబడి, భుజం దగ్గరికి వచ్చేసరికి ఒకటో రెండో మిగులుతాయట. చీర రంగు అడిగితే, తెల్లారేముందు నీళ్లుండే రంగన్నాడు. అది నలుపు కాదు, నీలం కాదు, దానికి పేరు లేదన్నాడు. రెక్కలు సగం ముడిచి ఉన్నాయన్నాడు, దిగాలా ఎగరాలా అని అవి ఇంకా ఆలోచిస్తున్నాయట. మామ అడుగుతూ పోయాడు, ఈయన చెబుతూ పోయాడు. ఎండ కిటికీలోంచి జరిగి జరిగి గోడ దాకా వెళ్లింది. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. అయినా నిజం చెప్పొద్దూ, అంత కోపంలోనూ ఆ చీర నాకు కనిపించింది. మా గది నిండా ఆ పేరులేని రంగు పరుచుకొని, పిట్టలు మామ తల పక్కనుంచి ఎగిరిపోతున్నట్టే ఉంది. భివండీలో పదకొండేళ్లు మగ్గాల చప్పుడు తప్ప వినని మనిషికి ఇవన్నీ ఎప్పుడు కనిపించాయో నాకిప్పటికీ తెలియదు.

వంటింట్లోకి రాగానే పట్టుకున్నాను.

"సిగ్గుందా? చూపు లేని మనిషిని ఏమారుస్తవా? రేపు కొంగడుగుతడు. నువ్వు చెప్పకుంటె నేనే చెప్త."

"ఎట్ల చెప్పాలె ప్రసూనా?" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. "ఉన్న కొసరు చూపంత దాంట్లనే పెట్టిండు. నా చేత్తోని నేనే బాపు కండ్లు రెండోసారి తీసినట్టు గాదా?"

కళ్లు తుడుచుకోమని తువ్వాల ఇచ్చాను.

మూడోనాడు మామ ఉతికిన ధోవతి కట్టుకొని వచ్చాడు. అత్తను కూడా పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు.

"కొంగుల ఎవలున్నరు?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

"ఎవలు లేరు బాపు. చెరువున్నది. నీళ్ల మీద పొద్దు..."

"నేను కూసోబెట్టిన ఆమె ఏడ పోయింది రా?"

మా ఆయన ఆ నీలం తెర వైపు చూశాడు.

"గొల్లభామ," అన్నాడు మామ. "నలభై ఏండ్లు నెత్తిన కుండ వెట్టి నిలబెట్టిన. ఎన్నడు దించుమనలే. గీ ఒక్కసారి కుండ దించిపిచ్చి, కాళ్లు చాపి కూసోబెట్టిన. కొంగు నిండ ఆమెనే. ఏడ పోయింది?"

మా ఆయన మామ మోకాళ్ల మీద తల పెట్టి బోరుమన్నాడు. దసరా ముందురోజు నుంచి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ముందుగా తేరుకున్నది అత్త. "మగ్గం మీది పాత పోగుల కొసలు ఉండంగనే కొత్తయి అతుకుతం గదరా! ముందుగాలనే అన్ని కోసేస్తె మళ్ల ఒక్కో పోగు ఎక్కియ్యనీకి ఎన్ని దినాలు వడ్తదో నీకెరుక లేదా? పాలు తాగంగ నేర్పిన గద కొడుకా!" అని నెత్తి కొట్టుకుంది. అది తెలియని నేతబిడ్డ ఉండడు. మగ్గం మీద చచ్చినా చెయ్యని తప్పును మా ఆయన కంప్యూటర్‌లో చేశాడు.

"మొత్తం పోయినయా?" అని ఒక్క మాట అడిగాడు మామ.

"మొత్తం బాపు."

మామ లేచి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. కొడుకు కంచం దగ్గరికి కూడా రాలేదు. నేను వండిందంతా గిన్నెల్లోనే ఉండిపోయింది.

పొద్దున చాయ్ ఇస్తుంటే, "వాణ్ని పిలువు బిడ్డా," అన్నాడు. మా ఆయన వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"అంచు నాది కాదని మొదటి దినమే ఎరుకైంది నాకు," అన్నాడు మామ.

"మరి ఎందుకు ఊకున్నవు బాపు?"

"నువ్వు చెప్తుంటె కనపడ్డదిరా. వానలు వడ్డ కాడికెల్లి నాకు కనపడ్డది గదొక్కటే. తిట్టి దాన్నిగూడ పోగొట్టుకోవాల్నా?" చాయ్ గ్లాసు పక్కన పెట్టి అన్నాడు. "నాది పోయింది. గది నా చేతికే తెలుసు, నోటితోని చెప్తె రాదు. నువ్వు చెప్పిందే గియ్యి. కొంగు మటుకు ఖాళీగ ఇడువు."

మా ఆయన జీవితంలో మొదటిసారి గళ్ల కాగితం ముందేసుకున్నాడు. పగలంతా జిరాక్స్ సెంటర్, సాయంత్రం మామ పక్కన పెన్సిలు. ఒక్కో కాగితం పూర్తి కాగానే మూడేసి కాపీలు తీసి ఒకటి జావేద్ దుకాణంలో పెట్టి వచ్చేవాడు. నా ఉప్పు డబ్బా జరపాలన్నా ఇప్పుడు ముందు ఫోటో తీసుకుంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

కార్తీకం దాటాక అత్త ఆ చీరను మగ్గం మీంచి దించింది. అమ్మేది లేదని చెప్పి తానే కట్టుకుంది. సీతాఫలాల అంచు, లోపల పిట్టలు, కొంగు మాత్రం సాదా. కట్టుకొని వచ్చి, మామ పక్కన నేల మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. కొంగు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"గీడ ఖాళీ ఉన్నది, చూడు," అంది.

మామ ఆ కొంగును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లతో తడిమాడు. తడుముతూ తడుముతూ అత్త భుజం దాకా వెళ్లి అక్కడ చెయ్యి ఆపాడు.

"ఖాళీ ఏడున్నదే? నువ్వు కూసున్నవు గదా."