మా వంతు చెరువు మన్ను

యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు బెంగళూరు దగ్గర హూడి పక్కనున్న మా చేలు మాకు తిరిగి ఇచ్చారు. ఇచ్చారంటే ఏమిచ్చారు, గుడారాలు పీక్కుని పోయారు, అంతే. ఏళ్ళ తరబడి లారీలు తిరిగిన నేల. నాగలి పెడితే కర్రు దిగేది కాదు. అంతకుముందు అక్కడ రాగులు, అనుములు పండేవంటే ఎవరూ నమ్మరు.

ఎండిన చెరువులోని మన్ను తవ్వి చేలకు పోద్దామని మా పెదనాయన, అంటే నాయనకు సొంత అన్న, ఊరిని కూడగట్టాడు. కూలి లేదు. ఎనిమిది ఇళ్ళవాళ్ళం కలిసి ఒక్కో చేను బాగుచేయాలి. ఎవరి చేనైతే వాళ్ళు ఆ పూట అందరికీ సంగటి పెట్టాలి. మన్ను పోసి, కానుగాకు వేసి దున్ని, ఆపైన ఎరువుకని గొర్రెల మందను చేలో పడుకోబెట్టాలి. మొదటి వంతు ఊళ్ళో పెద్దవాడిది, అది మా వాడుక. అంటే పెదనాయనదే. చివరి వంతు మా నాయన అడిగి మరీ తీసుకున్నాడు. అన్న మొదట, తమ్ముడు చివర ఉంటే నడుమవాళ్ళకు నమ్మకం కుదురుతుందట. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

అప్పుడు నాకు పదహారేళ్ళు. రెండు వేసవులు అమ్మా నేనూ గంపలతో మన్ను మోశాం. మెడలు పట్టేసేవి. పెదనాయన చేన్లో జానెడు మందాన పోశాం. తర్వాతి చేలకు రాను రాను పలచబడింది. ఏడో చేను అయ్యేసరికి చెరువులో గడ్డపారకు గరుసు తగిలింది. నల్లమన్ను అయిపోయింది.

నాయన ఖాళీ గంప పట్టుకుని నిలబడిపోయాడు. పెదనాయన వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏమిరా అట్ల నిలబడితివి? నా చేన్లో మందంగా ఉండాది కదా. సగం నీది. పంట ఎత్తినాక తోలుకో,” అన్నాడు. అందరి ముందే అన్నాడు. నాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఏడు పెదనాయన చేన్లో రాగి నడుమెత్తు పెరిగింది. కోతలు అయ్యాక గంపలు తీసుకుని అమ్మా నాయనా నేనూ వెళ్ళాం. చేను గుంతలు గుంతలుగా ఉంది. ఎవరో మనుషులు ఆ మన్ను తొక్కి ఇటుకలు కోస్తున్నారు.

“మన్ను తోలుకోమంటివి కదన్నా,” అన్నాడు నాయన.

“ఇటికెలోళ్ళు వచ్చి అడిగిరప్పా. బెంగళూర్లో ఇండ్లు లేస్తాండాయి. చెరువు నిండితే మళ్ళీ మన్ను రాదా ఏమి? రెండేండ్లు ఓర్చుకో.”

“అది మేం మోసిన మన్ను, పెదనాయనా,” అన్నాను.

“పెద్దోళ్ళ మాటల్లో నీకేం పని?” అన్నాడు.

నాయన నన్నే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు.

బట్టీ కాల్చాక మా ఇంటి ముందు ఎద్దులబండి ఆగింది. బండినిండా ఇటుకలు. మా పడిపోయిన గోడ కట్టుకోమని పెదనాయన పంపాడట. వెనక్కి తోలుకుపొమ్మంది అమ్మ. నాయన బయటికొచ్చి ఒక ఇటుక చేతిలోకి తీసుకున్నాడు.

“దించప్పా. మా వంతు మన్ను వచ్చినాది,” అన్నాడు బండివాడితో.

ఆ ఇటుకలతో గోడ కట్టలేదు. ఉగాది దాటాక నాయన కర్రు దిగని మా చేను అట్లే వదిలేసి, బెంగళూరు చిక్కపేట బజారులో బట్టల మూటలు మోసే పనికి కుదిరాడు.