గిరీకు బిళ్లకు నెత్తళ్ల పులుసు

మా పేటలో ఎవరి పిల్లకు దిష్టి తగిలినా, ఎవరి తెప్పకు మూడు రోజులు వరసగా చేప పడకపోయినా నా గుమ్మంలోకి రావలసిందే. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తాను. తాడు ముడివేసి కడతాను. నేను చదివింది రెండో తరగతి. మూడో తరగతికి వెళ్ళకుండానే అన్నీ తెలిసిపోయాయని అప్పట్లో నా నమ్మకం. నౌపడ ఉప్పుమళ్ళు దాటి సముద్రం వైపు నడిచి కూర్మమ్మ ఇల్లెక్కడని అడిగితే కుక్క కూడా దారి చూపించేది.

ఇంత గొప్పదాన్ని కదా, నా ఇంట్లో మాత్రం నా తాడు పని చేయలేదు. మా కోడలు చిన్నతల్లికి మొదటి కాన్పు ఏడో నెలలోనే పోయింది. రెండో బిడ్డ మూడు రోజులు బతికింది. పేటలో ఆడవాళ్ళకు నా ఎదట నోరెత్తే ధైర్యం లేదు. కానీ నేను నూతి దగ్గరికి వెళ్ళగానే వాళ్ళ మాటలు ఆగిపోయేవి. ఆగిపోయిన ఆ మాటలు నాకు బాగానే వినిపించేవి.

అరవై ఎనిమిదిలో చిన్నతల్లికి మళ్ళీ నెల తప్పింది. ఐదో నెలలో ఉండగా మా మరిది ఎల్లాజీ విశాఖపట్నం నుంచి వచ్చాడు. వాడు అక్కడ హార్బరులో కళాసీ. పదిహేనేళ్ళుగా ఓడల్లో సరుకు దించి దించి, లోకంలో ఉన్న దేశాలన్నింటి తిట్లూ నేర్చుకున్నాడు. నడుముకు కట్టిన గుడ్డ విప్పి ఒక కంచుబిళ్ల నా చేతిలో పెట్టాడు.

"గిరీకు ఓడలో వంటోడిచ్చినాడు వదినా. ఆడు కాలు జారి నీళ్ళలో పడిపోతంటే జబ్బ పట్టుకు లాగినాను. మా ఇంట్లో పిల్ల కడుపుతో ఉన్నాదని సెప్తే మెళ్ళోది తీసి ఇచ్చేసినాడు. ఆడికి ఐదుగురు పిల్లలు, ఇంక దీంతో పని లేదంట. ఆళ్ళ ముసిలమ్మకి పొలంలో దొరికినాదంట, ఏ రాజుల కాలందో. కడుపుతో ఉన్నోళ్ళకి ఇది కడితే..."

"కడితే ఏటవుతాదో నాకు సెప్తావేట్రా? బస్తాలు మోసుకునేవోడివి!"

బిళ్ల తిప్పి చూశాను. ఒక పక్క పెద్ద కన్ను ఒకటి. దాని చుట్టూ కత్తులు, పాము, తేలు, ముక్కుతో పొడుస్తున్న పిట్ట. చూడగానే తెలిసిపోయింది. దిష్టి కన్ను. దాన్ని పొడవడానికి దొరికినవాళ్ళందరినీ పిలుచుకొచ్చారు. సముద్రం అవతల కూడా ఒకరిని చూసి ఏడ్చే కళ్ళున్నాయన్నమాట అనుకుని కొంచెం తృప్తి పడ్డాను. రెండో పక్క గుర్రమెక్కిన మనిషి, తల చుట్టూ వెలుగు, చేతిలో బల్లెం. గుర్రం కింద జుట్టు విరబోసుకుని పడుకున్న ఆడమనిషి. అంచు చుట్టూ ఏవో అక్షరాలు. నాకు తెలుగక్షరాలే కూడబలుక్కోవాలి, అవి గిరీకువి.

జుట్టు విరబోసుకుందంటే అమ్మవారే. మా పక్క అమ్మవారు ఒంటి మీదికి వచ్చినప్పుడు ఎవరైనా జడ వేసుకుంటారా? గుర్రం మీద ఉన్నవాడు ఆవిడ తమ్ముడు పోతురాజు. అక్క పడుకుంటే బల్లెం పట్టుకుని కాపలా కాస్తున్నాడు. ఇందులో అనుమానానికి చోటెక్కడ?

"ఆ ఆడమనిషి ఎవులో తెలుసా వదినా? ఆడు సెప్పినాడు..."

"అమ్మోర్ని పట్టుకుని ఎవులంటావేట్రా? కళ్ళు పోతాయి. ముందు లెంపలేసుకో!"

ఎల్లాజీ లెంపలు వేసుకున్నాడు. అన్నం తిన్నాడు. మర్నాడు పొద్దున బండెక్కి వెళ్ళిపోయాడు.

బిళ్లకు పసుపుతాడు ఎక్కించి చిన్నతల్లి కడుపు మీద ఆనేలా కట్టాను. స్నానానికి తప్ప పురుడొచ్చేదాకా తీయకూడదని ఒట్టు వేయించుకున్నాను. ప్రతి మంగళవారం బిళ్లను పీట మీద పెట్టి, ఆ ఆడమనిషికి పసుపు రాసి, బొట్టు పెట్టేదాన్ని. వేలెడంత చేపలు, ఎండునెత్తళ్లు పులుసు పెట్టి ముందు ఆవిడకే చూపించేదాన్ని. మా ఆయన బతికుండగా ఆయనకు కూడా అంత శ్రద్ధగా వండిపెట్టిన పాపాన పోలేదు. "తల్లీ, ఈ బిడ్డని నువ్వే ఒళ్ళోకి తీసుకో" అని మొక్కేదాన్ని. ఆ మొక్కు మాటలు నేనే కట్టానని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఎనిమిదో నెలలో ఊళ్ళ వెంట తిరిగే సర్కారు నర్సమ్మ వచ్చి కడుపు తడిమింది.

"బిడ్డ అడ్డంగా ఉందమ్మా. నెలలు నిండేలోగా టెక్కలి ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో మాత్రం పురుడు పోయకండి."

నేను బిళ్ల ఎత్తి చూపించాను. "ఈయమ్మ ఉండగా అడ్డమేటి, నిలువేటి? ఈయమ్మే తిప్పుతాది."

నర్సమ్మ బిళ్లను చూసింది, నన్ను చూసింది, సంచీ సర్దుకుంది. నా ఇంట్లో మాట నాదే కదా.

తొమ్మిదో నెల నడుస్తుండగా ఒక మంగళవారం ఎల్లాజీ వచ్చాడు. కోడలు స్నానానికి వెళ్తే, పీట మీద బిళ్ల పెట్టుకుని పులుసుగిన్నె చూపిస్తున్నాను. వాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఓలమ్మో వదినా, ఏటి సేస్తన్నావు? బొట్టు దానికెట్టినావేటి?"

"అమ్మోరికెట్టక నీకెడతానా?"

"అమ్మోరేటి! అది పిల్లల్ని ఎత్తుకుపోయే దెయ్యం. కడుపులోనివీ పురిట్లోవీ ఏరుకు తింటాదంట. గుర్రం మీదున్నోడు సామి. దాన్ని బల్లెంతో పొడిసేస్తన్నాడు. సూడు, మొన దాని గుండెల్లోనే ఉన్నాది."

చూశాను. అక్కడే ఉంది. నాలుగు నెలలు నేను పసుపు రాసింది సరిగ్గా ఆ పోటు మీదే.

"ముందే సెప్పి ఏడవొచ్చు కదరా!"

"సెప్పనిచ్చినావేటి? లెంపలేయించినావు!"

పులుసు సంగతి కాదు, నా మొక్కు గుర్తుకొచ్చింది. ఈ బిడ్డని నువ్వే ఒళ్ళోకి తీసుకోమని పిల్లలు తినే దెయ్యాన్ని పేరంటం పిలిచినట్టు పిలిచాను. అదీ వారం తప్పకుండా.

బిళ్ల సముద్రంలో పారేద్దామనుకున్నాను. ఈలోగా చిన్నతల్లి స్నానం చేసి వచ్చి దాన్ని మొలకు కట్టేసుకుంది. విప్పమంటే, "పురుడొచ్చేదాకా తీయొద్దని ఒట్టేయించుకున్నావు కదా అత్తా" అంది. పారేయాలనుకున్నదెందుకో చెప్పాలా వద్దా? చెబితే పిల్ల హడలిపోతుంది. చెప్పకపోతే అది కడుపు మీదే ఉంటుంది. ఇక నా తాళ్ళ మీదా ముడుల మీదా నాకు దమ్మిడీ నమ్మకం లేదు. మిగిలింది నర్సమ్మ మాట ఒక్కటే.

"పదవే, టెక్కలి ఎల్దాం."

"ఏటైనాది అత్తా? నొప్పులు కూడా రానేదు."

"రాకముందే ఎల్లమన్నాది కదా ఆ నర్సమ్మ!"

నా కొడుకు గంగులు వేటకు పోయి ఉన్నాడు. ఎల్లాజీని పంపి బండి కట్టించాను. నౌపడలో చిన్నరైలు ఎక్కాం. ఆ రైలు పక్కన మేకలు కూడా తొందర లేకుండా నడుస్తాయి. చిన్నతల్లి నా మొహం చూసి చూసి అడిగింది. "అత్తా, నువ్వెప్పుడూ ఇంతసేపు మాటాడకుండా ఉండవు. సెప్పు." చెప్పేశాను. పులుసు, మొక్కు, అన్నీ చెప్పాను. తిట్టినా పడదామనుకున్నాను.

ఆ పిల్ల బిళ్ల మీద చేయి వేసుకుంది.

"మన పేటకి మసూచి వచ్చినప్పుడేటి సేస్తాం అత్తా? దాన్ని తెచ్చిన అమ్మోరికే సల్లన్నం ఎట్టి, అమ్మా ఎల్లిపో అని సాగనంపుతాం. నాలుగు నెల్లు నీ సేతి పులుసు తిన్నాది. ఆ మాత్రం సిగ్గుండదేటి దానికి?"

అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. నా చేయి గట్టిగా పట్టుకుంది. రెండు కాన్పులు పోయినప్పుడు కూడా ఆ పిల్ల చేయి నేను పట్టుకోలేదని అప్పుడు తెలిసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ ఇంకా అడ్డంగానే ఉంది, కోసి తీయాలి అంది. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. ఒంటి మీదివన్నీ తీయాలంటే పసుపుతాడు నేనే విప్పాను. నెల ముందైతే ఆ మాటన్నందుకు డాక్టరమ్మతో ఎంత పెద్ద గొడవ పెట్టుకునేదాన్నో నాకే తెలుసు. తలుపు బయట కూర్చున్నాను. బిళ్ల గుప్పిట్లోనే ఉంది గానీ ఎవరికీ మొక్కలేదు. మొక్కితే మళ్ళీ ఎవరికి వెళ్తుందోనని భయం.

మధ్యాహ్నం దాటాక లోపల పిల్ల ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కారు.

ఇరవై రోజులకు ఇంటికొచ్చాం. పేట ఆడవాళ్ళంతా చూడటానికి వచ్చారు. లక్ష్మణమ్మ గడపలో కూర్చుని, "కూర్మమ్మొదినా, ఏ తాడు కట్టినావు? మా కోడలికీ కట్టవా?" అంది. నిజం చెబుదామనే నోరు తెరిచాను. నా నోటికి అలవాటు లేదు. "గుర్రమెక్కిన సామి ఒకడున్నాడు, ఓడలో వచ్చినాడు..." అని మొదలుపెట్టాను.

లోపలి నుంచి చిన్నతల్లి అందుకుంది.

"సామీ కాదు, తాడూ కాదు లచ్చనమ్మత్తా. మా అత్తకి బయమేసినాది. అందుకే ఆసుపత్రికి లాక్కుపోనాది. మీ కోడలికీ నెల దగ్గరపడ్డాది కదా, రేపే టెక్కలి తీసుకెల్లు."

ఆడవాళ్ళందరూ నా మొహం మీదే నవ్వారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి కడిగేద్దామనుకున్నాను. పిల్ల అప్పుడే నిద్రపోయింది. అరిస్తే లేస్తుందని ఊరుకున్నాను.