ముందు వరసలో కుర్చీ

ఈ ఇంట్లో నాకు ముందు ఉండి వెళ్ళినావిడంటే నాకు పడేది కాదు. మావారికి ముందు ఈ పదవిలో ఉన్నాయన భార్య. మనిషిని చూసింది కూడా లేదు. అయినా పడేది కాదు.

మేముండే ఈ గువామ్ దీవిని ఒకప్పుడు నేవీ అధికారే గవర్నరుగా ఏలేవాడట. ఇప్పుడు గవర్నర్‌ని జనమే ఎన్నుకుంటారు, మావారిది ఇక్కడి నేవీ స్థావరం పెత్తనం వరకే. మిషిగన్‌లో పుట్టి పెరిగిన తన కొడుకు కొండ మీది ఈ బంగళాకి రావడం మా అత్తగారికి పెద్ద గొప్ప. కింద ఊళ్ళో ముసలివాళ్ళు నన్ను 'గవర్నరు గారి భార్య' అని ఆటపట్టించేవారు. నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు. కానీ వెంటనే రెండో మాట వచ్చేది, ఆవిడ ఉన్నప్పుడైతేనా అని. ముందావిడ ఇక్కడివాళ్ళు విందుల్లో చేసే ఎర్రన్నం వండేదట. చేపలు కడిగేదట. పెళ్ళిళ్ళలో కొంగు బిగించినట్టు దిగి గిన్నెలు తోమేదట. మహాతల్లి చేయని పని లేదు. వింటుంటే ఒళ్ళు మండిపోయేది.

ఎవరన్నా సహించేదాన్ని గానీ, గేటు దాటగానే ఉండే పెద్దావిడ ఆ మాట అంటే మాత్రం తట్టుకోలేకపోయేదాన్ని. ఇర్వింగ్‌లో ఉద్యోగం మానేసి, ఎవరూ తెలియని చోటికి వచ్చిపడ్డ కొత్తలో నన్ను పిలిచి అన్నం పెట్టింది ఆవిడే. ఆ పెద్దావిడకి ముందావిడ కన్నా నేనంటే ఎక్కువ ఇష్టం కావాలి. ఈ వయసులో ఇదేం కోరికో అనుకోండి, కానీ కావాలి, అంతే.

అందుకే ఆదివారాలు చర్చి అయ్యాక భోజనానికి పిలిచేదాన్ని. కూతురిని వెంటబెట్టుకుని, మూతపెట్టిన గిన్నెతో వచ్చేది. వస్తూనే తిన్నగా వంటింట్లోకి నడిచేది. నేను ఎదురెళ్ళి గిన్నె అందుకుని, అయ్యో మీరు కూర్చోండి అంటూ సోఫాలో కూర్చోబెట్టేదాన్ని. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళ చేత గరిటె పట్టిస్తామా? కూర కలపనిచ్చేదాన్ని కాదు, ప్లేటు కడగనిచ్చేదాన్ని కాదు. కొసరి కొసరి వడ్డించేదాన్ని. పెద్దావిడ నవ్వేది, తినేది, వెళ్ళేది. రానురాను వంటింటి వైపు రావడం మానేసింది. నా మర్యాదకి అలవాటుపడింది అనుకున్నాను.

పోయిన ఏడు వానల్లో ఆవిడ పోయింది. ఇక్కడ మనిషి పోతే తొమ్మిది రోజులు సాయంత్రం పూట ఇంటి దగ్గర జపమాల ప్రార్థన, వచ్చినవాళ్ళందరికీ భోజనం. నన్ను ముందు వరసలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. అందరికన్నా ముందు ప్లేటు నాకే. ఏడుపులోనూ ఒక మూల గర్వం. రెండు రోజులకి ముందావిడ శాన్‌డియాగో నుంచి దిగింది. ఆవిడకి ఎవరూ కుర్చీ వెయ్యలేదు. పాడు మనసు, సంబరపడింది.

తీరా చూస్తే ఆవిడ ఇంటి వెనక పొయ్యిల దగ్గరుంది. పెద్దావిడ కూతురి భుజానికి ఆనుకుని ఏడుస్తోంది. ఇద్దరూ ఏడుస్తూనే ఉల్లిపాయలు తరుగుతున్నారు. నా కుర్చీ దగ్గరికి మాత్రం ఎవరూ ఏడవడానికి రాలేదు. మన పెళ్ళిళ్ళలో చూడలేదా, వంటల దగ్గర తిరిగేవాళ్ళే సొంతవాళ్ళు, ముందు వరస కుర్చీలు ఆఫీసువాళ్ళకి. ఇంత తెలిసినదాన్ని, ఆ ప్లేటు చేతిలో పెట్టినప్పుడు నాకెందుకు తట్టలేదో.

కారులో మావారి మీద విరుచుకుపడ్డాను. రెండేళ్ళ నా మర్యాదలకి ఇదా విలువ అన్నాను. ఆయన అంతా విని, "నువ్వు వాళ్ళని ఎప్పుడూ కిచెన్‌లోకి రానివ్వలేదు కదా," అన్నాడు. అది రెస్పెక్ట్ అన్నాను. "వాళ్ళకి అది తెలీదు కదా," అన్నాడు.

మర్నాడు కుర్చీలోంచి లేచి వెనక్కి వెళ్ళాను. కూతురు ఎదురొచ్చింది. మేడమ్, మీరు కూర్చోండి అంది. నేనూ ఏదైనా చేస్తానన్నాను. ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

"మా చెయ్యి తగిలితే మీకు పనికిరాదేమో అని అమ్మ అనుకునేది. మీ పద్ధతి అది, ఆమెని ఇబ్బంది పెట్టొద్దు అని మాకూ చెప్పింది."

నా తల కొట్టేసినట్టయింది. మా నాయనమ్మ మడి కట్టుకుని నా స్నేహితురాలిని గడప దగ్గరే ఆపితే, అన్నం మానేసి పోట్లాడినదాన్ని నేను. పెద్దావిడ నన్ను అలాంటిదాన్ననుకుంటూనే వచ్చి, నవ్వుతూ తిని వెళ్ళింది. కాదమ్మా అని చెప్పుకోవడానికి ఇప్పుడు మనిషి లేదు.

అక్కడే నిలబడి ఏడ్చేశాను. ముందావిడ కొబ్బరి కోరే పీట మీద కూర్చుని ఉంది. లేచి, పీట తుడిచి, కూర్చోమని సైగ చేసింది. ఆడవాళ్ళు ఆవిడ మొహం చూసి, ఆ తర్వాతే నా చేతికి కొబ్బరిచిప్ప ఇచ్చారు. కోరడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో నాకు దొరికిన ఆ కాస్త చోటూ ఆవిడ లేచి ఇస్తే వచ్చిందే. కళ్ళు తుడుచుకుంటూ కూడా ఆవిడంటే నాకు కుళ్ళుగానే ఉంది.