ఆకు కోసినట్టు పెట్టిన ఫ్లెక్సీ

“ఆకు కోసినట్టు పెట్టుమని నువ్వే కదా అక్కా చెప్పినవ్!”

“నేనెప్పుడు చెప్పిన? నీకు సోయి లేకపోతే నా మీదెందుకు రుద్దుతున్నవ్?”

“నిన్న పొద్దుగాల, ఇదే కుర్చీ ఎనుక నిలవడి. ‘ఒక్క ఇంచు ఇడవకు, ఇది మీ అయ్య సొమ్ము కాదు’ అన్లే?”

“సార్‌నే అడుగుదాం. సార్, నేను చెప్పిన్నా?”

సాఫ్ట్‌వేర్ నేర్పనీకి పుణె నుంచి వచ్చిన సార్‌కు తెలుగు రాదు. ఏమనుకున్నడో, తల అడ్డంగ ఊపిండు. “చూసినవా!” అన్న నేను.

తొంభైల ఆఖర్ల ముచ్చట. నా కొడుకు బట్ట నేసే సాంచాలు అమ్మి, అశోక్ చౌక్ దగ్గర బ్యానర్లు కొట్టే పెద్ద ప్రింటు మిషను పెట్టిండు. పనికి నలుగురు ఆడోళ్లు. ముగ్గురు పడుసు పిల్లలు, నాలుగో ఆమెను నేను తెచ్చిన. ఇరవై ఏండ్లు ఎదురెదురుగ కూసోని బీడీలు చుట్టినోళ్లం. నేను మూడో తరగతి, ఆమె రెండో తరగతి. పనిమంతురాలని కొడుక్కు చెప్పిన. దుకాణంల నాతోటి మాట్లాడనీకి ఒక మనిషి కావాలెనని మాత్రం చెప్పలే.

కంప్యూటర్ తెర మీద ఫ్లెక్సీ రోలు పరిచినట్టే కనిపిస్తది. బ్యానర్లను దాని మీద సర్ది ప్రింటుకు పంపాలె. సార్ ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించిండు. పక్కన జాగంత ఖాళీ పోతుంటె నా కడుపు మండింది. తునికాకు మీద బీడీ కొలత రేకు, పర్మా, ఆనిచ్చి కోసేటప్పుడు కోతకు కోత తాకాలె, నడుమ దారమంత సందుండొద్దు. గట్లనే పెట్టుమని ఆమెకు చెప్పిన. అవును, నేనే చెప్పిన.

ఆమె తొమ్మిది బ్యానర్లను అడ్డం తిప్పి, నిలువు తిప్పి రోలంత నింపింది. చూస్తె ముద్దొచ్చింది. కాని బ్యానర్‌ను చుట్టూ మడిచి, తాడు కట్టనీకి రింగులు కొట్టాలె గదా. మడతకు జాగ ఇడవలే, మడిచేసరికి అక్షరాల తలకాయలు లోపటికి పోయినయ్. తొమ్మిదీ పాడు. పిల్లలు కిసకిస నవ్వుతుంటె, వాళ్ల ముంగట నా మాట తగ్గుతదని, చెప్పలేదన్న.

ఆమె కొంగుతోటి కీబోర్డు తుడిచి, చెప్పులేసుకోని పోయింది.

పగటీలి అన్నం డబ్బ ఇప్పిన. పిల్లలు తెరల దిక్కు మొకాలు పెట్టుకోని తింటున్నరు. నాకు మూడు జడలు కనిపించినయ్. బీడీల కాడ అన్నం తింటుంటె, కూరల ఉప్పెక్కువైందని ఆమె నన్ను తిట్టేది. ఆ దినం ఉప్పెక్కువైందో తక్కువైందో చెప్పే దిక్కు లేదు. సగం తిని మూత పెట్టిన. అన్నం పారేసే మనిషిని కాదు, రాత్రికి దాచిన.

తెల్లారి కుంఠా నాకాల ఆమె ఇంటికి పోయిన. నలుగురు ఆడోళ్ల నడుమ, చాట ఒళ్లె పెట్టుకోని బీడీలు చుడుతుంది. నిలవడే చెప్పిన: “నేనే చెప్పిన. తప్పు నాది. నడువు.”

“ఎరికే అక్కా,” అన్నది చేతులాపకుంట. “కూసో, చాయ్ తాగు.”

“దుకాణానికి రావా మరి?”

“కార్ఖాన నుంచి ఆకు తెచ్చుకున్న. నానవెట్టిన గూడ.”

చాయ్ తాగిన. ఇంకోపారి అడగలే. తిరిగొచ్చి నేనే షటర్ ఎత్తిన. పదింటికి సార్ వచ్చి, ఆమె కుర్చీల ఇంకో పిల్లను కూసోవెట్టుమని సైగ చేసిండు. కూసోవెట్టిన.