మద్దిలేటన్న ఇంటి ల్యాన్ కేబుల్

2023 ఎండాకాలం. నంద్యాలలో ఒక ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర పనిలో చేరి అప్పటికి పదకొండేళ్లు. ఆళ్లగడ్డ వైపు కంప్లైంట్లన్నీ నేనే చూసేవాణ్ణి. "కంప్యూటర్లో నెట్ స్లో" అనేది మాకు రోజూ వచ్చే కంప్లైంటే. ఆ రోజు కూడా అదే అనుకుని పోయాను.

మద్దిలేటన్న విగ్రహాలు చెక్కే మనిషి. యాభై దాటిన వయసు. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. రాతి పలుకు తగిలి ఒక కన్ను పోయింది. ఆ మధ్యనే రాయి జారి మీద పడి తొడ ఎముక విరిగింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. మొదటిసారి నేను చూసింది, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక మనిషిని.

"వీడియో కాల్ చేస్తే బొమ్మ నిలిచి నిలిచి వస్తాందప్పా," అంది ఆయన భార్య నరసమ్మ.

రౌటర్ ముందు గదిలో ఉంది. అక్కణ్ణుంచి ల్యాన్ కేబుల్, అంటే కంప్యూటర్‌కు నెట్ తెచ్చే తీగ, కిటికీ గుండా లోపలి గదికి పోతుంది. నేను రౌటర్ పక్కన నిలబడి, నా ఫోన్‌ను వైఫైకి కలిపి స్పీడ్ టెస్ట్ పెట్టాను. తొంభై ఎంబీపీఎస్ చూపించింది. వాళ్ల ప్లాను వంద.

"నెట్ బాగుందక్కా. మీ కంప్యూటరే పాతదైపోయింది."

మద్దిలేటన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. స్క్రీన్ చూపించి, రెండు చేతులూ గబగబా ఆడించి, ఉన్నట్టుండి గాల్లోనే ఆపేశాడు. మళ్లీ ఆడించాడు, మళ్లీ ఆపాడు. నాకు అర్థం కాలేదు. నవ్వి తల ఊపి బయటికొచ్చేశాను. కంప్లైంట్ క్లోజ్ చేశాను. ఆ రోజు నాకు ఇంకా మూడిళ్లు మిగిలున్నాయి.

ఎనిమిది రోజులకు అదే ఇంటి నుంచి మళ్లీ కంప్లైంట్. విసుక్కుంటూనే పోయాను. నరసమ్మక్క నన్ను గడపలోనే నిలబెట్టింది.

"ఏందప్పా నువ్వు, నీ ఫోన్ నువ్వు చూసుకొని పోతివి. ఈయన చెల్లెలు ఓబులమ్మ కర్నూలు ఆసుపత్రిలో ఉండాది. ఆయమ్మకూ వినపడదు. చిన్నప్పట్నుంచి ఇద్దరూ చేతుల్తోనే మాట్లాడుకుంటారు. వాళ్ల సైగలు నాకే సగం తెల్దు. కాల్ చేస్తే ఆయమ్మ చెయ్యి లేపేది కనపడుతుంది, దించేది కనపడదు. ఏం చెప్పిందో తెలీక ఈయన తల కొట్టుకుంటాండాడు."

"ఫోన్లో చేసుకోవచ్చు కదక్కా?"

"ఉండేది ఒక కన్ను. ఆ చిన్న బొమ్మలో వేళ్లు యాడ కనపడతాయప్పా?"

అప్పుడు వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. స్పీడ్ టెస్ట్ మూడు దాటలేదు. లింక్ స్పీడ్ చూస్తే, అంటే రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య తీగ మోయగలిగే వేగం, పదికి పడిపోయి ఉంది. చేత్తో తీగ తడుముకుంటూ పోయాను. కిటికీ రెక్క మూసిన ప్రతిసారీ తీగ దాని కింద పడి నలిగింది. ఆ తీగలో ఎనిమిది సన్నని రాగి పోగులుంటాయి. పైతొడుగు బాగానే ఉంది, లోపల కొన్ని పోగులు నలిగి తెగాయి. కొత్త కేబుల్ వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

వెంటనే కాల్ చేశారు. ఓబులమ్మ కూతురు సుజాత ఫోన్‌ను మంచం వైపు తిప్పింది. ముఖం మీది ముడతలు కూడా కనిపించేంత స్పష్టంగా ఉంది బొమ్మ. మద్దిలేటన్న చేతులతో ఏదో అడిగాడు. ఆమె కదల్లేదు. మళ్లీ అడిగాడు. కదల్లేదు. ఆయన నావైపు తిరిగి, చేతులు గాల్లో ఆపి చూపించాడు. ఈసారి నాకు అర్థమైంది. బొమ్మ మళ్లీ ఆగిపోయిందంటున్నాడు.

బొమ్మ ఆగలేదు. ఆమె వెనక కిటికీ పరదా ఫ్యాన్ గాలికి ఊగుతోంది. సెలైన్ చుక్కచుక్కగా పడుతోంది. ఎలా చెప్పాలో తెలీక, స్క్రీన్ మీద ఆ పరదాను వేలితో చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు.

"మొన్నట్నుంచి చేతులు లేపలేకపోతాందత్తా," అంది సుజాత, నరసమ్మక్కతో. "పోయిన వారమంతా బాగా మాట్లాడింది గదా."

పోయిన వారం. నేను కంప్లైంట్ క్లోజ్ చేసి పోయిన వారం.

మద్దిలేటన్న మళ్లీ చేతులెత్తాడు. ఈసారి అడగడం లేదు, చెబుతున్నాడు. "చిన్నప్పుడు ఇద్దరూ రేగుపండ్లకు పోయింది చెప్తాండాడు," అంది నరసమ్మక్క మెల్లగా. ఓబులమ్మ కళ్లు ఆయన చేతుల వెంటే తిరిగాయి.

నాలుగు రోజులకు ఆమె పోయింది. తెలిసి, ఆ ఇంటికి వెళ్లాను. నన్ను చూసి మద్దిలేటన్న భార్యకు ఏదో సైగ చేశాడు.

"పోయిన వారం కాల్స్ నెట్‌లో యాడన్నా ఉంటాయా అంటాండాడప్పా. ఇప్పుడు తీగ బాగుంది గదా, మళ్లీ చూస్తాడంట."

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నన్నే చూస్తున్నాడు. అక్క చెప్పాల్సిన పని లేకపోయింది.

"తప్పు నాది, మన్నించమని చెప్పక్కా," అన్నాను.

నరసమ్మక్క చేతులు లేపి, దించేసింది. "ఆ మాటకు వాళ్ల సైగ ఏందో నాకు తెల్దప్పా. ఆయమ్మకే తెల్సు."

నా ఫోన్‌లో కనిపించిన తొంభై నా ఫోన్ సంగతే చెప్పింది, వాళ్ల కంప్యూటర్ సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఎవరింటికి పోయినా ముందు వాళ్లు కూర్చునే కుర్చీలోనే కూర్చుంటాను. "మీరు రోజూ చేసే పని నా ముందర చేయండి" అంటాను. ఎంత తొందరున్నా, వాళ్లు చెప్పడం అయిపోయేదాకా లేవను.