తాడు చేతిలో, గుంజ ఒడ్డున

నేను జీపు దిగేసరికే నీళ్ళ అడుగున పనిచేసే డైవరు కాలవలో మునిగి ఉన్నాడు. టైము పది గంటల పది నిమిషాలు. సుబేదారుగారు నా చేతిలో తాడు పెట్టి, "పట్టుకో. వదిలితే మనిషి పోతాడు" అన్నారు. భుజాన బ్యాగు కూడా దించలేదు. అదీ నా పోస్టింగు.

మూడేళ్ళ కిందటి మాట. నాకు పంతొమ్మిదేళ్ళు, చదువు ఎనిమిదో తరగతి, ఒంటిమీద హోంగార్డు ఖాకీ. విజయవాడ దిగువన కాలవ లాకులో బియ్యం పడవ మునిగి తలుపుకి అడ్డం పడింది. తలుపు మూతపడదు. ఆ సందులోంచి నీళ్ళు మనిషిని ఈడ్చుకుపోతాయి. పడవని ముక్కలు కోసి తీయడానికి మిలిటరీ వాళ్ళొచ్చారు. తాడు పట్టే జవానుకి కామెర్లు. అందుకని నేను. పన్నెండు రోజులు.

ప్రవాహానికి ఎదురీదకూడదు, అడుగున కట్టిన మోకు పట్టుకునే కదలాలి. డైవరు నడుముకి కట్టిన తాడు మాత్రం ఒడ్డున ఎప్పుడూ మనిషి చేతిలోనే ఉండాలి. కింద నుంచి ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లయితే తాడు వదులు చెయ్యమని. నాలుగంటే పైకి లాగమని.

"ఈ పిల్ల నోరు ఆగదు గానీ చెయ్యి ఆగుద్ది" అనేవారు సుబేదారుగారు.

ఆరో రోజు ఆ నోరే కొంప ముంచబోయింది. ఒడ్డంతా జనం, తిరనాళ్ళకొచ్చినట్టు ట్రాన్సిస్టరుతో సహా. ఒకాయన సైకిలు తెచ్చి సరిగ్గా తాడుమీదే ఆనించాడు. తియ్యమన్నాను.

"కాలవేమన్నా మీ నాన్న తవ్వించాడా?"

ఒళ్ళు మండింది. మునిగిన పడవ సరంగు పక్కనే ఉన్నాడు. "బాబాయ్, ఒక్క నిమిషం పట్టుకో" అని తాడిచ్చి, సైకిలు ఈడ్చి అవతల పడేసి, నాలుగు తిట్టి వచ్చాను. రెండు నిమిషాలు.

సరంగు తీరిగ్గా చుట్ట వెలిగిస్తున్నాడు. తాడు ఒడ్డున పాతిన గుంజకి కట్టేసి ఉంది.

"కట్టావేంటి బాబాయ్!"

"ముప్పయ్యేళ్ళుగా పడవ నడుపుతున్నా. ఈ లాగుడులో తాడు చేత్తో పట్టుకుంటారా ఎవరన్నా? నీ అరిచేతులు చూసుకో, ఎట్టా ఒరుసుకుపోయినాయో."

"కింద ఉంది పడవ కాదు, మనిషి!"

గుంజ కదిలింది. రెండుసార్లు. ఆగింది. మళ్ళీ రెండు. వదులు చెయ్యమని అడుగుతున్నాడు, గుంజని. ముడి తడిసి బిగిసిపోయింది. కోస్తే మనిషి కొట్టుకుపోతాడు. సుబేదారుగారూ, సరంగూ, నేనూ కలిసి గుంజనే బురదలోంచి పీకాం. దాన్ని వాటేసుకుని నీళ్ళవైపు నాలుగడుగులు వేశాను. తాడు వదులైంది.

కింద నుంచి ఏ కదలికా లేదు.

కాసేపటికి ఒకసారి లాగాడు. తర్వాత నాలుగుసార్లు.

పైకొచ్చిన డైవరు మాస్కు తీసి, "నిద్రపోయారాండీ?" అన్నాడు. సిలిండరు పడవ చెక్కల మధ్య ఇరుక్కుందట. తాడు బిగుసుకుని ఉంటే వెనక్కి జరగలేకపోయాడట. ఇంకో ఐదు నిమిషాలకి సరిపడా గాలే మిగిలింది. తాడు చేతులు మార్చింది నేనేనని చెప్పేశాను.

"చెయ్యి కూడా నోరు లాగే అయిందే" అన్నారు సుబేదారుగారు. అంతే.

పన్నెండు రోజుల డ్యూటీ అయ్యాక పటమటలో ఇంటికి వచ్చేశాను. ఇప్పటికీ గుడ్డలారేసిన తాడు గాలికి ఊగితే నాకు ఆ గుంజే కనపడుతుంది. ఎవరూ చూడకుండా, రెండేసిసార్లు కదులుతూ.

గుంజ పీకిన మర్నాడు పొద్దున నేను లాకు దగ్గరికి వెళ్ళేసరికి సరంగు కొత్త గుంజ పాతి ఉంచాడు.

"నిన్నటిది మెత్తమట్టిలో ఉందమ్మాయ్. దీన్ని ఏనుగు లాగినా రాదు."

గునపం తెచ్చి దాన్ని పీకి, టీ కాచే పొయ్యిలో పెట్టాను.