ఓడిపోతానని చెప్పి ఓటడిగిన పోశాలు

"...గట్ల అంటే ఎవరన్న ఓటేస్తరా అన్నా? నేను గెల్వ, మీ ఓటు పాడుచేసుకోకుండ్రి అని, ఓటడగవోయిన కాడ అంటరా?"

"వాళ్లు అడిగిండ్లు. నేను చెప్పిన."

"ఏమడిగిండ్లు?"

"గెలుస్తవా అని."

తొర్రూరు బస్టాండులో మహబూబాబాద్ బస్సు కోసం నిలబడి కల్పన, పోశాలు ఇలా కొట్లాడుకుంటుంటే, పక్కన పల్లీలు అమ్ముకునే ముసలామె బేరం మానేసి వింటోంది. కొట్లాట అనడం కూడా పూర్తిగా న్యాయం కాదు. అరిచేదంతా కల్పనే. పోశాలు మాత్రం బస్టాండు గోడ వారన ఎవరో నాటిన గన్నేరు మొక్క వైపు జాలిగా చూస్తున్నాడు.

"ఇది బతకది," అన్నాడు.

పోశాలుకు ఉన్న గుణం అదొక్కటే. ఏది చూపించినా బతకదంటాడు. జనగామ పార్కులో ఇరవై ఆరేళ్లుగా సూపర్‌వైజరు. మొక్కలతో మొదలైన అలవాటు ఎప్పుడో మొక్కల్ని దాటిపోయింది. కొత్త ఫోను కొన్నామని చూపిస్తే అటూ ఇటూ తిప్పి, వానాకాలం దాటదని చెప్పి తిరిగి ఇచ్చేవాడు. పెళ్లికి పోతే అక్షింతలు వేయడానికి ముందు పందిరి గుంజ ఊపి చూసేవాడు. తన పెళ్లిచూపుల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట, "మీ వాకిట్ల కరివేపాకు చెట్టు బతకది" అని. ఆ చెట్టు ఇప్పుడు మిద్దె దాటింది. అత్తగారు వచ్చిన ప్రతిసారీ ఆ కరివేపాకే ఒక కట్ట కట్టి తెచ్చి, ఏమీ మాట్లాడకుండా అల్లుడి ముందు పెడుతుంది.

ఒకసారి పార్కు ప్రారంభానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. మొక్కను గుంతలో పెట్టి ఫోటో కోసం నవ్వుతుండగా, పక్కనే నీళ్ల డబ్బాతో నిలబడిన పోశాలు వంగి, మర్యాదగానే, "సార్, ఇది బతకది" అన్నాడు. ఆ ఫోటో ఆఫీసు గోడకు ఇప్పటికీ ఉంది. అందులో పెద్దమనిషి నవ్వు సగంలో ఆగిపోయి ఉంటుంది. పోశాలు చావుకు వచ్చినవాడిలా నిలబడి ఉంటాడు.

ఇలాంటి మనిషిని మూడు జిల్లాల పార్కు ఉద్యోగుల సంఘానికి అధ్యక్షుడిగా పోటీకి నిలబెట్టింది కల్పన. ఆమె తొర్రూరు పార్కు ఇన్‌ఛార్జి. ఆమెకు వేరే దారి లేదు. పైనుంచి కొత్త నిబంధన వస్తోంది. నాటిన వంద మొక్కల్లో ఎనభై ఐదు బతక్కపోతే ఆ పార్కులో నీళ్లు పోసే మనిషిని పనిలోంచి తీసేస్తారు. సంఘం అధ్యక్షుడు ఒప్పుకుని సంతకం పెడితే అది అమల్లోకి వస్తుంది. నీళ్లు పోసేవాళ్లంతా కాంట్రాక్టు మనుషులు, వాళ్లకు సంఘంలో ఓటు లేదు. తొర్రూరులో నీళ్లు పోసే జాల్యాకు యాభై ఎనిమిదేళ్లు. నిరుడు అతని వందలో డెబ్బై బతికాయి. ఈ పని పోతే ఆ వయసులో ఇంకో పని దొరకదు.

పోటీలో ఉన్న మహబూబాబాద్ మంగీలాల్ సంతకం పెడతానని బాహాటంగానే చెబుతున్నాడు. పెడితే సంఘానికి సొంత భవనం వస్తుందట. అతనికి ఎదురు నిలబడమని కల్పన ఐదుగురు సీనియర్లను బతిమాలింది. నలుగురికి అప్పటికప్పుడు బీపీ వచ్చింది. పోశాలు మాత్రం, ఓడిపోతామని ముందే చెప్పి మరీ ఒప్పుకున్నాడు.

మహబూబాబాద్‌లో మంగీలాలే ఎదురొచ్చి ఇద్దరికీ చాయ్, సమోసాలు తెప్పించాడు. మంచి మనిషి, ఎవరినీ కాదనలేడు, అందుకే అందరికీ అన్నీ ఇస్తానంటాడు. మీరూ నాలుగు మాటలు చెప్పుండ్రి అన్నా అని పోశాలును తన మనుషుల ముందే నిలబెట్టాడు. భవనం సంగతి ఏంటని ఎవరో అడిగారు.

"రాదు," అన్నాడు పోశాలు. కాసేపు ఆలోచించి, "వస్తే కురుస్తది" అన్నాడు.

"మరి మంగీలాలన్న ఇస్తనన్న యూనిఫారాలు?"

"మొదటి ఉతుకుకే రంగు పోతది."

"నువ్వు గెలిస్తే ఏం చేస్తవన్నా?"

"గెల్వ గద."

అందరికంటే ఎక్కువ నవ్వింది మంగీలాల్. తన వైపు ఇంత బాగా ప్రచారం చేసేవాళ్లు తన మనుషుల్లో కూడా లేరన్నాడు. కల్పన దగ్గర నలభై ఒక్క మంది సభ్యుల పేర్లతో ఒక కాగితం ఉంది. ఓటు వేస్తారనుకున్నవాళ్ల పక్కన చుక్క పెట్టుకుంది. బస్సెక్కాక, మహబూబాబాద్‌లో పెట్టిన ఆరు చుక్కల్లో నాలుగు కొట్టేసింది. పోశాలు ఆ కాగితాన్ని కూడా మొక్కను చూసినట్టే చూసి, మిగతా రెండూ నిలవవన్నాడు.

భూపాలపల్లి చేరేసరికి ఆమెకు మాట్లాడే ఓపిక కూడా లేదు. అక్కడి పార్కు గని నుంచి తవ్విపోసిన మట్టి మీద ఉంది. గడ్డపార దించితే రాయి తగిలి చెయ్యి జివ్వుమంటుంది. ఏడాదిగా ఇన్‌ఛార్జి లేడు, ఎవరినడిగినా రామంటున్నారు. పోశాలు అలవాటుగా మట్టి పిసికి చూడడానికి వెనక్కి పోయాడు. నీళ్లు పోసే సరోజ కల్పనకు మంచినీళ్లు తెచ్చి, "పోశాలు సారు నిలవడ్డడట గద మేడం. మాకు ఓటుంటే బాగుండు" అంది.

ఎందుకని కల్పన అడిగింది. అడిగేటప్పుడు కొంచెం వెటకారమే ఉంది.

సరోజ షెడ్డులోంచి ఒక రిజిస్టరు తెచ్చి చూపించింది. నాటడానికి ముందు మూడు జిల్లాల పార్కుల్లో నేల చూసి రాయడం పోశాలు పని. ఆ సంగతి కల్పనకు తెలుసు. రాసింది మాత్రం ఎప్పుడూ చదవలేదు. నిరుడు జూన్ తేదీ కింద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "నేల రాతి నేల. సగానికి పైగా బతకవు. నీళ్లు పోసేవాళ్ల తప్పు కాదు. బాధ్యత నాది."

"తనిఖీకొచ్చినోళ్లు నన్ను తీసేయాలనే వచ్చిండ్లు," అంది సరోజ. "గిది చూసి ఆగిండ్లు. నేల బాగలేదని తెల్సినంక బాగెందుకు చెయ్యలేదని సారుకు మెమో ఇచ్చిండ్లు. అన్ని పార్కులల్ల గిట్లనే రాస్తడట. పదిహేడు మెమోలట. రెండుసార్లు ప్రమోషన్ గందుకే పోయిందని మొన్నొచ్చిన తనిఖీ సారు చెప్పిండు."

కల్పన రిజిస్టరు చంకన పెట్టుకుని దాదాపు పరుగెత్తింది. ఇది మీటింగులో చెబితే గెలుస్తామంది. ముప్పై ఓట్లు పడతాయంది. పోశాలు చేతిలో మట్టి దులుపుకున్నాడు.

"చెప్పకు."

"ఎందుకన్నా?"

"ముందటి వరుసల కూసునేది ఆఫీసర్లే. మనుషుల్ని కాపాడనీకి రాస్తున్ననని తెలిస్తే ఇగ నా రాత నమ్మరు. ఇప్పుడంటే నా అలవాటే అదనుకుంటుండ్లు."

"మరి నిజంగ అలవాటు కాదా?"

పోశాలు కొంచెం సిగ్గుపడ్డాడు. "అలవాటు గూడ అయింది," అన్నాడు.

ఆదివారం పొద్దున జనగామలో ఎన్నిక. ఒక్కో అభ్యర్థి తరఫున ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. మంగీలాల్ మనిషి భవనం బొమ్మ గీయించి తెచ్చాడు. కల్పన మైకు ముందు నిలబడింది. ముందు వరుసలో నలుగురు ఆఫీసర్లున్నారు. చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అది చెప్పకూడదు. చివరికి, పోశాలన్న చేతిరాత బాగుంటుందని చెప్పి దిగిపోయింది. హాలంతా చాలాసేపు నవ్వింది. వెనక వరుసలో భూపాలపల్లివాళ్లు మాత్రం నవ్వలేదు.

మంగీలాల్‌కు ఇరవై రెండు, పోశాలుకు పంతొమ్మిది. తనకు నాలుగు వస్తాయని లెక్కేసుకున్న పోశాలు జీవితంలో మొదటిసారి బిత్తరపోయాడు. ఎవరో తప్పు లెక్కపెట్టారని, మళ్లీ లెక్కపెట్టమని ఆయనే అడిగాడు. మళ్లీ అంతే వచ్చింది.

దండ మెడలో ఉండగానే మంగీలాల్ నిబంధన మీద సంతకం పెట్టి, మిగతాది చదివాడు. ఇకనుంచి నేల చూసి రాసేది ఏ పార్కు ఇన్‌ఛార్జి ఆ పార్కుకే. బాగుందని రాస్తే మొక్కల లెక్క నీళ్లు పోసేవాళ్ల మీద. బాగాలేదని రాస్తే ఇన్‌ఛార్జి మీద. అంటే పోశాలు రాత ఇకమీదట ఆయన ఇన్‌ఛార్జిగా ఉండే ఒక్క పార్కుకే చెల్లుతుంది.

"భూపాలపల్లికి ఇన్‌ఛార్జి లేడు," అన్నాడు మంగీలాల్, ఆఫీసర్లిచ్చిన కాగితం చూస్తూ. "ఎవరన్న పోతరా?"

పోశాలు చెయ్యెత్తాడు. మంగీలాల్ నవ్వబోయి, ఆయన మొహం చూసి, పేరు రాసుకున్నాడు. తర్వాత ఒక్కో పార్కు పేరు పిలవడం మొదలుపెట్టాడు. పిలిచిన ప్రతివాళ్లూ నేల బాగుందనే చెప్పారు. అధ్యక్షుడు తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు.

"తొర్రూరు. బాగున్నదని రాసుకోనా కల్పనా?"

కల్పన లేచి నిలబడింది.

"బాగలేదు. వందల ముప్పై బతకవు," అంది. "రాసుకో అన్నా. సంతకం నేను పెడత."